మైకు వైరుకు ఆసుపత్రి ప్లాస్టరు

మొన్న రాప్తాడు దాటగానే నా బండిలోంచి కాలిన వైరు వాసన గుప్పున వచ్చింది. ఇంజను ఆగిపోయింది. రోడ్డుకు రెండు పక్కలా ఎండిన వేరుశనగ చేలే, తల దాచుకోవడానికి ఒక కొమ్మ నీడైనా లేదు. అంత చికాకులోనూ ముందు గుర్తొచ్చింది ఓబులరెడ్డి సారే. ఆ మనిషి పోయి ఏళ్లయినా నన్ను రోడ్డు పక్కన నిలబెట్టడం మానలేదు.

ఆయన మా పశువుల ఆసుపత్రి డాక్టరు, నేను ఆయన సహాయకుణ్ణి. ఆయన పాత మోటారు సైకిలంటే నాకు ఒళ్లు మంట. హారను కొడితే లైటు ఆరేది, లైటు వేస్తే ఇంజను దగ్గేది. మెకానిక్కుకు ఇవ్వండి మహాప్రభో అంటే వినడు. వాళ్లు నాలుగు వైర్లు ఒకేసారి పీకుతారట, ఏది తప్పో చివరికి ఎవరికీ తెలియదట. ఆయనేమో ఒక్కొక్క వైరే చూస్తాడు, వైద్యమూ అంతే. ఒక మందు వేసి, అది పనిచేసిందో లేదో చూశాకే రెండోది. రైతులు సణిగేవాళ్లు, నేను మనసులోనే వాళ్లకు వంత పాడేవాణ్ణి.

ఒక ఎండాకాలం గొర్రెలకు, విరేచనాలతో మందలను పడగొట్టే పారుడు రోగం తగులుకుంది. సోమందేపల్లె అవతలి ఊళ్లో కాపరులు మందలను మేతకు వదలకుండా దొడ్లలో ఆపి మా కోసం చూస్తున్నారు. టీకా మందున్న ఐసు పెట్టె నా ఒళ్లో ఉంది. ఐసు కరిగితే మందు వట్టి నీళ్లే. సగం దారిలో, ఒక మలుపు దగ్గర బండి చచ్చింది. ఫ్యూజు కాలింది. కొత్తది వేస్తే తరువాతి మలుపులో అదీ కాలింది. ఆ దారిలో మధ్యాహ్నం దాకా బస్సు లేదు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం కాలిన ఫ్యూజుకు చుట్టి ఎలాగో పోదామన్నాను, లోకమంతా చేసే పనే. సారు నా చెయ్యి తోసేశాడు.

"ఫ్యూజు కాలిందంటే యాడో తప్పుండాదని చెప్తాండాది. దాని నోరు మూస్తే ఎట్లప్పా?"

ఇక మొదలైంది తద్దినం. ఒక వైరు విప్పడం, చిన్న బల్బు తగిలించి చూడడం, మళ్లీ బిగించడం, ఇంకొకటి. బల్బు పట్టుకోవడం నా ఖర్మ. ఐసు పెట్టెలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన మాత్రం ఎలుకలను తిట్టి, ఎప్పుడో ఒకసారి బండిని ముట్టుకున్న కొత్తచెరువు మెకానిక్కును తిట్టి, ఎండను కూడా తిట్టాడు. చివరికి పెట్రోలు ట్యాంకు ఎత్తాడు. కింద ఎందుకూ పనికిరాని ఒక వైరు, హ్యాండిలు తిరిగినప్పుడల్లా దాని కొస ఇనుముకు రాసుకుంటోంది. కొసకు ఊడి వేలాడుతున్నది మా ఆసుపత్రి ప్లాస్టరు. అంతకుముందెప్పుడో టీకాల సంగతి ఊళ్లలో చాటడానికి సారే బ్యాటరీకి మైకు తగిలించాడు. తరువాత మైకు తీసేసి, నల్ల టేపు దొరక్క, పశువుల గాయాలకు వేసే ప్లాస్టరు చుట్టి వదిలేశాడు. ఎండకు దాని జిగురు కరిగిపోయింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సారు ఆ వైరును మొదటికంటా కోసేసి, ఇంకో ఫ్యూజు వేశాడు.

ఊరు చేరేసరికి పెట్టెలో గోరువెచ్చని నీళ్లు. గొర్రెలు ఆకలికి గోల పెడుతున్నాయి. ఆ మందే పొడిచేసి వచ్చినా అడిగేవాడు లేడు. సారు కాపరుల మధ్య నిలబడ్డాడు.

"మందు చెడిపాయ. ఇది ఏస్తే మీకు ధైర్యమొస్తాది, గొర్రెకు రోగమూ వస్తాది. తప్పు నాది. నా బండికి వైరు నేనే వదిలిపెట్టినా."

అప్పటికే మందలో సగం పోగొట్టుకున్న లక్ష్మక్క ఊరుకోలేదు. "ముందు నీ బండికి ఏసుకో పో సూది" అంది. ఆయన తల వంచుకుని, సరే అక్కా అన్నాడు. మరునాడు తెల్లారకముందే కొత్త మందుతో బస్సెక్కి వెళ్లాం. అప్పటికే ఆమె గొర్రె ఇంకొకటి పోయింది. సూది పడినా అది బతికేది కాదేమో. ఆ మాట సారు ఎప్పుడూ అనలేదు, నన్నూ అననివ్వలేదు.

మొన్న నేనూ ముందు మెకానిక్కునే తిట్టాను. తిట్టి తిట్టి, ట్యాంకు ఎత్తాను. సెల్లు చార్జింగు కోసం నేను తగిలించుకున్న వైరే, నేను చుట్టిన టేపే. అంతలో సెల్లు మోగింది. నేను వేయబోయే టీకా కోసం దొడ్డిలో మందను ఆపుకున్న కాపరి, యాడుండావన్నా అని అడిగాడు. ఎలుకలు కొరికాయన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తప్పు నాదేనప్పా" అన్నాను. "వైరు నేనే సరిగా చుట్టలేదు. నువ్వు మందను మేతకు వదులు."