అప్‌డేట్ కిటికీ మీద నా అనుమానాలు

మా ఇంట్లో కంప్యూటర్‌ను నేను తప్ప ఎవరూ ముట్టుకోరని మావారూ అమ్మాయీ ఒకే గొంతుతో అంటారు. ఆ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారంటేనే నాకు అనుమానం.

ఆ రోజు మా కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌లో అప్‌డేట్లు పెట్టే టూల్ నొక్కితే, దాని కిటికీ తెరుచుకున్నట్టే తెరుచుకుని మాయమైంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. పూజ చందా వాళ్లను చూసి తలుపేసుకునే ఇంటివాళ్లలా.

"ఏటి సేసినారు దీన్ని?" అని మావారిని అడిగాను.

"నానేటి సేసినాను? దానొంక సూత్తేనే ఊరుకోవు కదే! సోనారి పేటలో రిపేరు దుకాణపోడికి ఫోన్ సేసినాను. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కిత్తాడట."

ఆ దుకాణంవాడు కళ్లతో చూడకుండానే మందు రాశాడన్నమాట.

తుడిస్తే పోయేది నా కీబోర్డు అమరిక. మా ఊళ్లో బర్మామైన్స్, మాంగో పేటల తెలుగువాళ్ల శుభలేఖలు టైపు చేసి ప్రెస్సుకు పంపేది నేనే. ఏ మీటకు ఏ ఒత్తు పడాలో నా వేళ్లకు తగ్గట్టు ఏళ్ల తరబడి అమర్చుకున్నాను. ఎక్కడెక్కడ ఏం మార్చానో ఇప్పుడు నాకే గుర్తులేదు. ఒక శుభలేఖ సగంలో ఉంది కూడా.

అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మమ్మీ, సబ్ రీసెట్ కర్ దో నా," అంది.

"సబ్ అంటే, అన్నీ అంటే ఏటేటి? నీ తలకాయ కూడానా?"

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నల్ల తెరలో ఆ టూల్‌ను నడిపాను. అక్కడైతే చచ్చేముందు వాంగ్మూలమిస్తుంది. పొడవాటి ఇంగ్లీషు గొణుగుడు చివర, నా సెట్టింగేదో చదవలేకపోయానంది. అంటే తప్పు నాదట! తాను కూలబడి ఎదుటివాళ్ల మీదకు తోసే రకాన్ని చాలామందిని చూశాను. నమ్మలేదు.

పరీక్షకని కొత్త యూజర్ ఖాతా తెరిచాను. అందులో నా సెట్టింగులేవీ ఉండవు. అప్‌డేట్ కిటికీ దర్జాగా తెరుచుకుని నిలబడింది. కొత్తవాళ్లకు ఎంత మర్యాదో! యంత్రం బాగానే ఉంది, లైనక్సూ బాగానే ఉంది. తుడవాల్సిన పనేలేదు. గోలంతా నా ఖాతాలోనే.

తిరిగొచ్చి ఆ టూల్ సెట్టింగుల ఫైలు ఒక్కదాన్నే పట్టుకున్నాను. చెరిపేస్తే సాక్ష్యం పోతుంది కనుక, పేరు చివర 'పాత' అని తగిలించి పక్కన పెట్టాను. టూల్ కొత్త ఫైలు రాసుకుని తెరుచుకుంది. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. అప్‌డేట్ల కోసం ఎన్నాళ్లకోసారి వెతకాలో చెప్పే చోట కొత్తదానిలో ఒక అంకె ఉంది, పాతదానిలో ఖాళీ. ఆ ఖాళీ ఎవరి పుణ్యమో మాత్రం ఎక్కడా లేదు.

అప్‌డేట్ ముగిశాక శుభలేఖ తెరిచాను. 'జ్యేష్ఠ పుత్రిక' అని కొట్టాను. ఒత్తులన్నీ వాటి చోట్లలోనే పడ్డాయి.

"అయితే నా తప్పేటీ నేదన్నమాట," అన్నారు మావారు వెనకనుంచి.

"రుజువవలేదన్నమాట," అని, పాస్‌వర్డ్ మార్చేశాను.