నా ఉస్తాద్‌కు ఒక మేకు

చిన్నప్పటి సంది నేను మెచ్చుకుంట వచ్చిన గొంతు ఎవరిదో మొన్న ఆదివారం తేలింది. తేలకుండ ఉంటె ఎంత మంచిగుండునో. గాని తేల్చాలని పట్టుబట్టింది నేనే, ఇంకొకరిని అనేదేం లేదు. చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వుడు మాత్రం చివరిదాక ఆపుకోండ్రి.

మాది పాటల పిచ్చోళ్ల జట్టు. నిజామాబాద్‌ల రఫీక్ భాయ్‌కి టైలర్ దుకాణం ఉంది. ఆదివారం పొద్దుగాల దుకాణం బంద్ ఉంటది కాబట్టి షటర్ సగం దించి లోపల కూసుంటం. రఫీక్ భాయ్, బ్యాంకుల పనిచేసే సుజాత అక్క, బోధన్ దిక్కు చెరుకు పండించే శ్రీను, నేను. శ్రీను వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నరు, ఆయన మాట ఇప్పటికీ ఆ దిక్కుదే. నేను మెడికల్ షాపుల పనిచేస్త.

మా పద్ధతి ఏందంటె, ఒక్కొక్కరు తన ఆల్ టైమ్ ఫేవరెట్ ఆల్బమ్ తేవాలె. ఫోన్ల వినుడు లేదు, క్యాసెట్టే. ఒక సైడు మొత్తం అయ్యేదాక ఎవ్వరు నోరు తెరవొద్దు. ఈ రూల్ పెట్టింది నేనే, గుర్తుంచుకోండ్రి. సైడు అయిపోయినంక ఇగ లొల్లే లొల్లి. ఆ లొల్లిల నెగ్గిన ఆల్బమ్ కవరును రఫీక్ భాయ్ గోడ మీది మేకుకు తగిలిస్తడు. వాళ్ల ముగ్గురివి ఎక్కినయ్. పక్కన నాలుగో మేకు నాది, ఖాళీగ ఉండె. దాన్ని చూస్తె నాకు కడుపుల మండేది.

మేకు ఎందుకు ఖాళీ అంటె, నా ఆల్బమ్‌కు కవరు లేదు, పేరు లేదు. క్యాసెట్ మీది చీటి గూడ ఊడిపోయింది. మా బాపు ఎప్పుడో బోధన్ అంగడిల కొన్న గజళ్ల క్యాసెట్ అది. మా ఇంట్ల రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన మిషన్ ఒకటి ఉంది. సినిమా పాటలన్ని రేడియోల వినేటోళ్లం. క్యాసెట్ అంటె మాత్రం అదొక్కటే. వేరేది పెడితె మిషన్ ఖరాబైతదని బాపు ముట్టనియ్యకపోయేటోడు. అదే విని విని పెరిగిన. పాడేటాయన పేరు తెల్వక నేనే ఒక పేరు పెట్టుకున్న, బోధన్ ఉస్తాద్ అని.

"ఏం గొంతనుకున్నరు," అని ప్రతి ఆదివారం మొదలుపెట్టేటోన్ని. "బాయిల నుంచి వచ్చినట్టుంటది. లాగి లాగి ఆపేటప్పుడు జర వణుకుతది చూడుండ్రి, ఆ గమకం ఏండ్లకేండ్లు రియాజ్ చేస్తెగాని రాదు."

"ఆయనను చూసినవా తమ్మి?" అని సుజాత అక్క అడిగింది.

"చూసుడెందుకక్క, గొంతు వింటె తెల్వదా. పెద్ద మీసాలు, భుజం మీద శాలువా, నోట్లె పాన్."

"అసలు అలాంటాయన లేడండీ," అన్నడు శ్రీను. "ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు విని ఉండాలి కదా. మేకు ఖాళీగా ఉందని మీరే పుట్టించారు."

గంతే, నాకు పట్టింపొచ్చింది. ఉస్తాద్‌ను ఆ మేకుకు ఎక్కించేదాక ఈ దుకాణంల చాయ్ ముట్టనని ఒట్టేసిన.

బోధన్‌ల మా ఇంటికి పోయి క్యాసెట్ తీసుకున్న. బాపు తలుపు కాడ నిలబడి, "బిడ్డ, దానికి మన మిషనే అలవాటు. వేరేదాంట్ల పెట్టకు," అన్నడు. రఫీక్ భాయ్ దుకాణంల టేప్ డెక్ ముంగట మన మిషన్ ఎంత బాపు అని నవ్వుకుంట బస్సెక్కిన. బాపు మాట వింటె ఈ కథే లేకపోయేది.

ఆ వారం ఆదివారం ఉస్తాద్ మీద చిన్న ఉపన్యాసం ఇచ్చి క్యాసెట్ పెట్టిన. పాట మొదలైంది. ఎవరో ఆడపిల్ల. సన్నటి గొంతు, ఉరుకులు పరుగులు. నేను నోరు తెరిచి మల్ల మూసుకున్న, రూల్ నాదే గదా. చేతులు ఊపిన, తల అడ్డంగ తిప్పిన. నేను పాటకు ఊగుతున్ననుకొని రఫీక్ భాయ్ గూడ ఊగిండు. సైడు మొత్తం అట్లనే కూసున్న.

"మీసాలు బాగున్నాయండీ," అన్నడు శ్రీను, సైడు అయిపోంగనే.

"డెక్ ఫాస్ట్ తిరుగుతుంది భాయ్," అన్న నేను.

రఫీక్ భాయ్‌కి కోపమొచ్చింది. "మా అబ్బాజాన్ కొని పెట్టిన డెక్ ఇది. నీ దవాయిలు ఎక్స్‌పైరీ అయితయేమో, నా డెక్ గాదు."

నేను వింటనా? మూత తెరిచి, తిరిగే చక్రాన్ని వేలితోని జర ఆపి చూసిన. టేపంత సేమ్యా లెక్క బయటికొచ్చింది. సుజాత అక్క ఒక్క మాట అనకుండ పెన్సిల్ పెట్టి చుట్టి ఇచ్చింది. ఆమె ఏమన్న అంటేనే బాగుండు.

ఇగ మిషన్‌నే తెస్త అనుకున్న. మొన్న ఆదివారం బోధన్ బస్సుల మిషన్‌ను తువ్వాలల చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లె పెట్టుకొని వచ్చిన. పక్క సీటు పెద్దమనిషి, "ఎవలికి అమ్ముతున్నవ్ బిడ్డ?" అని అడిగిండు. "అమ్ముడు గాదు, దీంట్ల మా ఉస్తాద్ ఉన్నడు," అన్న. ఆయన లేచి వెనక సీట్లకు పోయిండు.

దుకాణంల పెట్టి బటన్ ఒత్తిన. వచ్చిండు నా ఉస్తాద్. అదే గొంతు, బాయిల నుంచి. ముగ్గురు బొమ్మల లెక్క కూసున్నరు. సైడు అయినంక శ్రీను చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ," అన్నడు. రఫీక్ భాయ్ చాయ్ తెప్పిచ్చిండు, నేను తాగిన. అంత రుచి చాయ్ మల్ల తాగలేదు.

అక్కడ ఆగితె అయిపోయేది. గాని నాకు ఆగబుద్ధి గాలే. "ఇప్పుడు మీ ఆల్బమ్‌లు గూడ దీంట్ల పెట్టుండ్రి, అసలు మిషన్ అంటె ఏందో తెలుస్తది," అన్న.

సుజాత అక్క తన క్యాసెట్ పెట్టింది. ఆమె ప్రాణం పెట్టి వినే గాయని, జలుబు చేసిన లారీ డ్రైవర్ లెక్క పాడింది. రఫీక్ భాయ్ ఖవ్వాలి పెట్టిండు. జట్టు మొత్తం నిద్రల పాడుతున్నరు, చప్పట్లు గూడ ఆవలించుకుంట కొడుతున్నరు. పైంగ అందరికి నా ఉస్తాద్ గమకమే. ముగ్గురు నా దిక్కు చూసిండ్రు. నేను గోడ దిక్కు చూసిన.

రఫీక్ భాయ్ స్క్రూడ్రైవర్ తెచ్చి వెనక మూత విప్పిండు. మోటర్ తిప్పే బెల్టు ఉండాల్సిన జాగల నల్లటి రబ్బరు పట్టీ ఒకటి అతికిచ్చి ఉంది. నేను బాపుకు ఫోన్ కలిపిన, స్పీకర్ల పెట్టుమన్నరు.

"బాపు, మన మిషన్ల బెల్టు ఏంది గిట్లుంది?"

"గా పట్టీనా? అసలు బెల్టు తెగింది బిడ్డ, నువ్వు బడికి గూడ పోకముందు. బజార్ల దొరకలే, సైకిల్ ట్యూబు కోసి ఏసిన. జర లూజుంటది, టేపు మెల్లగ తిరిగి గొంతు లావైతది, నడుమ నడుమ జారుతది. అయితె ఏంది, పాడుతలేదా?"

"పాడుతుంది బాపు. జారినప్పుడల్ల గమకం గూడ వస్తుంది."

"మొదట్ల ఆ పిల్ల మస్తు సన్నగ పాడేది. నువ్వేమో ఉస్తాద్ ఉస్తాద్ అని ఎగిరేటోనివి. సంబరపడుతున్నడు గదా, ఎందుకు చెప్పాలె అని ఊకున్న."

ఫోన్ పెట్టేసిన. రఫీక్ భాయ్ నా భుజం మీద చెయ్యేసి, "గజల్ ఆడోళ్లు పాడినా అండ్ల మాటలు మగోడు చెప్పినట్టే ఉంటయ్, నువ్వు గుర్తుపట్టకపోవుడు తప్పు గాదు," అన్నడు. మీసాలు పోయినయ్, శాలువా పోయింది, పాన్ పోయింది. నవ్వుతరేమో గాని నాకు నిజంగనే బాధైంది, తెలిసిన మనిషి పోయినంత. ఇంకో బాధ ఏందంటె, పెండ్లిండ్లల మైకు దొరికితె నేను ఆయన లెక్కనే గొంతు వణికిచ్చుకుంట పాడేటోన్ని. అంటె ఇన్నేండ్లు నేను నకల్ చేసింది ట్యూబునన్నట్టు.

శ్రీను కూడ నవ్వలేదు. ఆ పిల్ల పాటను డెక్‌ల మల్ల పెట్టమన్నడు. ఈసారి సక్కగ విన్నం. బాగ పాడింది, అబద్ధమెందుకు. "ఈ క్యాసెట్ బరాబర్ మేకుకు ఎక్కాలె," అని ముగ్గురు ఒక్క మాట మీద చెప్పిండ్రు. నేను గెలిచిన. ఖాళీ మేకు నిండబోతుంది.

అప్పుడు సుజాత అక్క అడిగింది, "నిజం చెప్పు తమ్మి. నీ ఆల్ టైమ్ ఫేవరెట్ ఈ పిల్లేనా?"

అవునంటె అయిపోయేది. ఎవ్వరేమనరు. గాని పాట కాడ అబద్ధమాడబుద్ధి గాలే. "కాదక్క," అన్న. "ఆమె మంచిగ పాడింది. గాని నాది ఉస్తాదే."

"అయితె ఉస్తాదే ఎక్కాలె," అన్నడు రఫీక్ భాయ్. ఆ పట్టీని మిషన్ల నుంచి ఊడబీకి, మసి తుడిచి, నా మేకుకు తగిలిచ్చిండు.

ఇప్పుడు ఆ గోడ మీద మూడు మేకులకు ముగ్గురు పెద్ద పెద్ద గాయకులు, నాలుగో మేకుకు సైకిల్ ట్యూబు ముక్క. బట్టలు కుట్టిచ్చుకోను వచ్చేటోళ్లు దాన్ని చూసి, "ఇక్కడ పంచర్ గూడ ఏస్తరా భాయ్?" అని అడుగుతున్నరంట. రఫీక్ భాయ్ కత్తెర ఆపకుండనే, "లేదు సాబ్, ఆయన గజళ్లు పాడుతడు," అంటున్నడంట.