పెంటకుప్పలో పచ్చబూజు

ఆర్మూరు పక్కనున్న మా చేనులో పసుపు మానేసి పామాయిల్ పెట్టిన మూడో ఏడు కొమ్ముపురుగు పడింది. చెట్టు మొవ్వులోకి తొలుచుకుపోయేది. కొత్త మట్టలు కత్తెరతో కోసినట్టు విచ్చుకునేవి. మా ఆయన ఇనుప కొక్కెం గుచ్చి లాగితే, నల్లటి పురుగు కాళ్లాడిస్తూ బయటికొచ్చేది. వెంట కుళ్లిన పీచు కంపు. డబ్బా పట్టుకుని నిలబడే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

తోట చూడటానికొచ్చిన వ్యవసాయాధికారిణి చెట్లను వదిలేసి మా పెంటకుప్ప దగ్గరికి నడిచింది. తవ్వించింది. బొటనవేలంత లావు తెల్లటి పురుగులు, ముడుచుకుని, ఎరువు తింటూ కనిపించాయి.

"గివే ఆ నల్లపురుగు పిల్లలు, గీడనే పుడుతున్నయక్కా. చెట్లకు మందు కొడితే లాభం లేదు. గీ పురుగులకు రోగం తెచ్చే బూజు, పొడి లెక్క దొరుకుతది. పెంటల కలిపి తడి ఆరకుండ సూడుండ్రి. అది పాణమున్న మందు, ఎండల పెట్టకుండ్రి," అంది.

ఆర్మూరులో ఒక మందుల దుకాణం నుంచి తెచ్చాం. రేకుల కింద, నిప్పులాంటి వేడిలో, పై అరలో ఉన్నాయి ప్యాకెట్లు. నాకప్పుడే అనుమానం రావాల్సింది. చేతులతో పెంటలో కలిపి, నెలరోజులు నీళ్లు చల్లాను. తవ్వి చూస్తే పురుగులు ఇంకా బలిసి ఉన్నాయి.

మళ్లీ వచ్చిన అధికారిణి ఖాళీ ప్యాకెట్ మీద అంటించిన కొత్త తేదీ కాగితం గోరుతో గీకింది. కింద గడువు దాటిన పాత తేదీ ఉంది.

"గిది ఎప్పుడో సచ్చిన బూజక్కా."

ఆ పురుగులనే బకెట్‌లో వేసుకుని దుకాణానికి పోయాను. సేటు మిర్చిబజ్జీ తింటున్నాడు.

"మీరే సరిగ్గ తడి పెట్టకపోయుంటరు. గిది తీస్కపోరాదమ్మా, కొత్త సరుకు," అంటూ అదే అరలోంచి అదే ప్యాకెట్ తీసి, నూనె వేళ్లతో నా ముందుకు తోశాడు. నవ్వుతున్నాడు.

బకెట్ అతని బల్ల మీద బోర్లించాను. పురుగులు బజ్జీల కాగితం మీద పాకాయి. సేటు కాళ్లు కుర్చీ మీదికి లాక్కున్నాడు. మోర్తాడ్ నుంచి వచ్చిన ఇద్దరు రైతులు చేతిలోని ప్యాకెట్లు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత అధికారిణే ఐసు డబ్బాలో తాజా పొడి తెప్పించింది. మూడు నాలుగు వారాలకు పురుగులు కట్టెల్లా బిగుసుకుని, ముందు తెల్లగా, ఆ పైన పాచి పట్టినట్టు పచ్చగా మారాయి.

"సూడరాదే, ఎట్ల సచ్చినయో!" అని మా ఆయన మురిసిపోయాడు. ఆ శవాలను చిదిమి మళ్లీ కుప్పలో కలిపితే రోగం పాకుతుందట. ఒక్కొక్కటీ నేనే చిదిమాను. ఆ ఏడు మట్టలు నిండుగా వచ్చాయి.

మొన్న మార్కెట్‌కు పోతూ చూశాను. సేటు దుకాణానికి 'సేంద్రియ మందులు' అని కొత్త బోర్డు. "బాగున్నరా అమ్మా?" అని లోపలి నుంచే చెయ్యెత్తాడు. నోరంతా చేదైంది. రోడ్డు పక్కన ఉమ్మేసి నడిచాను.