కొర్రమీను పైకొచ్చిన ప్రతిసారీ

తొంభైల్లో ఒక మృగశిర కార్తె రోజున, ఉబ్బసానికి చేపమందు వేయిద్దామని మా చెల్లిని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి తీసుకెళ్లాం. దవాఖాన మందులు నడుస్తూనే ఉన్నాయి, ఇదీ చూద్దామన్నది మా నాయన ఆశ. మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే గుటుక్కున మింగాలి. చెల్లి నోరు తెరిస్తే ఒట్టు. నాయన బతిమాలాడు, అమ్మ ముక్కు మూసింది, నేను గిల్లాను. చివరికి బెల్లంలో కలిపిన మందు మింగింది. కొన్న చేప మాత్రం ప్లాస్టిక్ కవర్లో అలాగే మిగిలిపోయింది.

"దీన్ని చంపొద్దు నాయినా, ఇంటికి తీస్కపోదాం" అంది చెల్లి. నాయన కాదనలేకపోయాడు.

ఇంట్లో నాయన అబిడ్స్‌లో కొన్న అక్వేరియం ఉండేది. రంగురాళ్లు, బుడగలు వదిలే మోటారు, గోల్డ్ ఫిష్‌లు. ఇంటికొచ్చిన చుట్టాలకు చాయ్ కంటే ముందు అదే చూపించేవాడు. అందులోకి ఈ నల్లటి కూర చేప చేరింది. అడుగున కదలకుండా పడుకునేది. ఉన్నట్టుండి పైకి దూసుకొచ్చి, నీళ్ల పైన నోరు తెరిచి, మళ్లీ కిందికి పోయేది. కాసేపటికి మళ్లీ అదే వరస. గోల్డ్ ఫిష్‌లు హాయిగా తిరుగుతుంటే దీనికొక్కదానికే ప్రాణం మీదికి వచ్చినట్టుండేది.

"పోరి రోగం గీ చేప తీస్కున్నది. గిది బతికితేనే పోరికి తగ్గుతది" అని తేల్చేసింది నాయనమ్మ. చెల్లి పక్కనే ఉంది, అంతా విన్నది. ఇక అద్దం ముందు నుంచి లేస్తే కదా! చేప పైకొచ్చిన ప్రతిసారీ తన ఛాతీ మీద చెయ్యి వేసుకునేది. నాయనమ్మ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

నాయన అబిడ్స్ దుకాణంలో అడిగొచ్చాడు. కొత్త చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే నీళ్లు పాడైనట్టేనని, వెంటనే మార్చమని అన్నారట. అది కొర్రమీనని మాత్రం నాయన వాళ్లకు చెప్పలేదు. అక్వేరియంలో కూర చేపను వేశామంటే నవ్వుతారని నామోషీ. నీళ్లు మార్చాడు. నీళ్లు తక్కువైతేనే అలా ఎగపడుతుందని నాయనమ్మ అంచుదాకా పోయించింది. దూకి పడిపోతుందేమోనని అమ్మ పైన అద్దం పలక పెట్టి, దాని మీద పప్పుల డబ్బా పెట్టింది. అందరికీ దాని మీద ప్రేమే.

సాయంత్రానికి చేప ఆ పలకకు మూతి గుద్దుకోసాగింది. తర్వాత ఒక పక్కకు ఒరిగింది.

"అయిపాయె" అంది నాయనమ్మ.

చెల్లి ఏడవలేదు. డబ్బా తోసేసి, పలక లాగేసి, చెంబుతో నీళ్లు తోడి నేల మీదే పోసింది. ఇల్లంతా తడుస్తోందని అమ్మ అరుస్తూనే ఉంది. చేప వంకరగా పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగింది. కిందికి పోయింది. కాసేపాగి, ఈసారి తిన్నగా ఈదుకుంటూ మళ్లీ వచ్చింది.

"అది సస్తలేదు నాయినా, గాలి కోసం పైకొస్తున్నది. దానికి గట్లనే అలవాటు" అంది చెల్లి.

కొర్రమీను పైకొచ్చి గాలి పీలిస్తేనే బతుకుతుందని ఆ తర్వాత మాకూ తెలిసింది. దాని పులుసు రుచి ఇంటిల్లిపాదికీ తెలుసు, అది ఊపిరి ఎలా తీసుకుంటుందో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

వానలు ముదిరాక చెల్లికి మళ్లీ ఆయాసం వచ్చింది. ఆయాసమొస్తే మా ఇంట్లో ఒకటే పద్ధతి: కిటికీలు మూసి, దుప్పటి కప్పి, వెల్లకిలా పడుకోబెట్టడం. చెల్లి లేచి కూర్చుంటే రోగం ముదిరిందని అమ్మ హడలిపోయి, భుజాలు పట్టి మళ్లీ పడుకోబెట్టేది. ఆ రోజు చెల్లి అమ్మ చేతులు తోసేసి, మంచం అంచున ముందుకు వంగి కూర్చుంది.

"పండబెట్టకమ్మా... గిట్ల కూసుంటేనే... నాకు గాలి ఆడ్తది."

"మరి గిన్నొద్దులు చెప్పలేదేందే?" అంది అమ్మ.

"పండబెట్టినంక... చెప్పనీకి ఊపిరేడిదమ్మా?"

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మే లేచి, వాన జల్లు లోపలికి కొడుతున్నా, కిటికీలన్నీ బార్లా తెరిచింది.