కల్లంలో కుట్టిన విమానం సీటు

మా ఊళ్లో విమానం దిగిన రోజున జనం దానికి కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, హారతి కూడా ఇద్దామనుకున్నారు. కంపు భరించలేక హారతి మానుకున్నారు. అది పత్తి మీద ఎండ్రిన్ అనే పురుగుమందు చల్లే విమానం. అరవైల చివరి రోజులవి. పర్చూరు పక్కన మా జొన్నచేను కోసేశాక మోళ్లు పీకించి, ఎడ్లతో రోలరు లాగించి, దాన్నే విమానాశ్రయం అన్నారు. చేను మాది కాబట్టి పైలట్‌కి రెండు పూటలా భోజనం మా ఇంట్లో.

నేనప్పటికి గుంటూరులో బి.ఎస్సీ. రెండుసార్లు తప్పి ఇంటికి చేరాను. కొట్టంలో ముసలి ఎద్దుకైనా ఒకప్పుడు దున్నిందన్న పేరుంది. నాకు అదీ లేదు. పైలట్ దగ్గర పనిచేసే కుర్రాడు అంతకుముందు మకాంలోనే చెప్పకుండా పారిపోయాడని తెలిసి, ఆ ఉద్యోగం నాకిమ్మని అడిగాను. ఆ ఇంట్లోంచి బయటపడడానికి నాకు కనిపించిన తలుపు అదొక్కటే.

పైలట్ మద్రాసులో పెరిగిన తెలుగువాడు. కందిపొడి అన్నం కలుపుతూ అన్నాడు: "ముందు నా సీటు సంగతి చూడు. మద్రాసుకి రాస్తే నెల పడుతుంది. మూడు రోజుల్లో తోలు సీటు కుట్టిపెట్టు, నా వెంట తిరిగే మందు డ్రమ్ముల లారీ ఎక్కిస్తా. లేకపోతే లేదు."

"నాకు కుట్టడం రాదండీ."

"చదువూ రాలేదన్నావుగా. అయినా రెండుసార్లు పరీక్ష రాశావు. ఇదీ అలాగే."

పాత సీటు విప్పితే పాతికమంది పైలట్ల చెమట బయటపడింది. పైతోలు చీలికలై, లోపలి రబ్బరు నల్లగా కరిగి చేతికంటుకుంది. అందులో బీడీ ముక్కలు, వేరుశెనగ తొక్కలు, అప్పడంలా ఎండిన ఒక చిట్టెలుక. ఎండ్రిన్ దెబ్బకి చచ్చిందో, సీటు మీది మనిషి బరువుకి చచ్చిందో చెప్పలేను. పైలట్ దాన్ని తోక పట్టుకుని చూసి, "దీనికి కూడా జీతం రాలేదు" అని చేలోకి విసిరాడు. ఆ చేత్తోనే మధ్యాహ్నం మా ఇంట్లో గోంగూర కలుపుకున్నాడు. ఆ పూట నేను పస్తు.

తోలు పని తెలిసినవాడు మా ఊళ్లో ఒకే ఒక పెద్దాయన. ఊరి చివర, ఊరు దూరంగా ఉంచిన పల్లెలో ఉంటాడు. మోట తిత్తులు, ఎడ్ల పట్టెడలు, మా నాన్న కిర్రుచెప్పులు, అన్నీ ఆయన చేతివే. నా వయసుకి మూడింతలున్న మనిషిని మా ఇంట్లో అందరూ 'ఒరేయ్' అనేవాళ్లు. నేను ఏమీ అనకుండా నసిగేవాణ్ణి. నా సంఘసంస్కరణ అంతవరకే.

పెద్దాయన పాత కవరుని పాక బయట నేల మీద పరిచి చూశాడు. "గేదెతోలు పనికిరాదండి, మడత పడదు. మేకతోలు కావాల" అన్నాడు. పాత ముక్కల్ని కొత్త తోలు మీద పెట్టి, సుద్దతో గీసి, అరగంటలో కోసేశాడు. కుట్టే తీరూ చూపించాడు: మొన తేలిన ఆరతో ముందు చిల్లు పొడవాలి. మైనం రుద్దిన దారానికి రెండు కొసలా రెండు సూదులు కట్టి, ఒకే చిల్లులో అటొకటి ఇటొకటి దూర్చి బిగించాలి. కుట్టేటప్పుడు తోలు తడిగా ఉండాలి.

"ఇక్కడే కూకోని కుట్టండి అబ్బాయిగోరూ. పాకలో నీడుంది, నేల అలికుంది."

"ఇంటి దగ్గర కుట్టుకుంటాలే" అన్నాను.

ఇంటి దగ్గర మా నాన్న గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

"తోలు లోపలికి తెచ్చావంటే దానితోపాటు నిన్నూ బయట పారేస్తా."

"పోనీ పల్లెలో కూర్చుని కుట్టనా?"

"ఏరా, నేను ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా?"

తలెత్తుకు తిరగడానికి కాళ్లకేసుకున్న చెప్పులు ఎవరు కుట్టారో గుర్తుచేద్దామనుకున్నాను. కానీ ఆ పూట అన్నం ఇంకా తినలేదు. ఇల్లూ కాదు, పల్లే కాదు, మిగిలింది మిరప కల్లం. మొదటి కోత కాయలు అక్కడ ఎకరం మేర ఎర్రగా ఆరబోసి ఉన్నాయి.

తోలు మోసుకెళ్తుంటే పెద్దాయన దారిలో ఎదురై ఆగిపోయాడు. "కల్లంలో వొద్దండి. తడితోలు దేన్నైనా పీల్చుద్ది."

"మాకు మిరప దుమ్ము అలవాటేలే."

"మీకు అలవాటేనండి. దానికి కాదుగా."

విన్నాను. విని కల్లానికే వెళ్లాను.

రెండు రోజులు కుట్టాను. తంగేడు చెక్కలో నానిన తోలు, దాని మీద ఆముదం, దాని మీద నా చెమట. మూడూ కలిసిన వాసన గోళ్లలోకి దిగి, నోట్లో ముద్ద పెట్టుకోబోతే ముందు అదే లోపలికి పోయేది. మా నాయనమ్మ నా కంచాన్ని గేదెల తొట్టి పక్కకి మార్చింది. మజ్జిగ మూరెడు ఎత్తు నుంచి దోసిట్లో పోసేది. ఆ గేదెల పేడ మాత్రం ఉత్త చేతుల్తో ఎత్తేది.

కాయలకి తొడిమలు తీసే ఆడవాళ్లకి నేను మంచి కాలక్షేపం.

"అబ్బాయిగోరు పెళ్లికూతురికి చెప్పులు కుడతన్నారంటే!"

"చెప్పులు కాదే, పెళ్లి పీట."

"ఏ పిల్ల కూకుంటదమ్మా ఈ కంపు మీద!"

గాలి వీచినప్పుడల్లా కల్లమంతా ఒక ఎర్రటి పొర లేచేది. పరాయివాడైతే తుమ్మి చచ్చేవాడు. మాలో ఒక్కరూ ఎరగలేదు. పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్న దాన్ని దుమ్మని ఎవరనుకుంటారు? లోపల కూరడానికి కొబ్బరిపీచు తెచ్చి, అదీ ఆ కల్లంలోనే దులిపాను.

మూడో రోజు పొద్దున సీటు విమానంలో అమరింది. కుట్లు కాస్త తాగినవాడి నడకలా ఉన్నాయి కానీ సీటు సీటులాగే ఉంది. పర్చూరు నుంచి ఫొటో తీసేవాణ్ణి పిలిపించి, మా నాన్న తలపాగా చుట్టుకుని వచ్చి, విమానమెక్కి దాని మీద కూర్చున్నాడు. ఇంట్లోకి రాకూడని తోలు ఆయన పంచె కింద అయిదు నిమిషాలుంది. దిగి మీసం దువ్వుకుని, స్నానం చేయకుండా ఫలహారానికి వెళ్లాడు.

తర్వాత పైలట్ ఖాకీ నిక్కరుతో ఎక్కాడు. ఇంజను వేడి, ఎండ, చెమట. మొదటి చుట్టు బాగానే తిరిగాడు. రెండో చుట్టులో విమానం ఊగింది. మూడోదానికి పత్తి వదిలేసి రోడ్డు మీద మందు చల్లాడు. "మందెక్కింది! మందెక్కింది!" అని జనం ఏడుపులు మొదలెట్టారు. విమానం దిగీ దిగకముందే పైలట్ దూకి, పరిగెత్తి, మా ఎడ్ల కుడితి తొట్టిలో కూర్చున్నాడు. ఒకాయన చింతపండు రసం తాగించి కక్కించమన్నాడు. ఇంకొకాయన బండి కట్టించాడు. ఒకామె అప్పుడే శోకాలు అందుకుంది.

నాకు నమ్మకం కుదరలేదు. ఎండ్రిన్ ఎక్కినవాడు నురగ కక్కుతాడు. కుడితిలో నడుందాకా కూర్చుని, నా వైపు చెయ్యి చూపిస్తూ అరవభాషలో తిట్టడు. వెళ్లి సీటు మీద వేలు రాసి నాలుకకి ఆనించాను. మిరప. బాగా పండిన, మేలురకం మిరప. దాని మీద ఎండ్రిన్ కూడా ఉండొచ్చన్న సంగతి తర్వాత తట్టింది. మళ్లీ పస్తు.

పైలట్ తొట్టిలోంచే తీర్పు చెప్పాడు. "సాయంత్రం లారీ కదులుతుంది. ఈలోగా సీటొస్తే నువ్వొస్తావు. లేదా నీకు ఈ ఎడ్లే గతి."

పల్లెకి పరిగెత్తాను. పెద్దాయన నన్నూ నా చేతిలోని దాన్నీ చూశాడు.

"మిరపేనా?"

"మిరపే."

తిడితే బాగుండేది. ఆ తోలుకి కడిగినా ఘాటు పోదని, ఇంకొకటి తీసి కోశాడు. ఈసారి నేను పాకలోనే కూర్చున్నాను. నేను దారానికి మైనం రుద్దాను, ఆయన కుట్టాడు. ఆ వేళ్లకి కళ్లతో పనిలేదు. దాహమేస్తే ఆయన కోడలు సత్తు చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను. ఆకాశం ఉరుముతుందేమోనని ఒక క్షణం చూశాను. దానికి వేరే పనులున్నట్టున్నాయి.

కాసేపటికి పెద్దాయన నాకు దూరంగా జరిగాడు. మళ్లీ జరిగాడు. చివరికి, "ఏమనుకోమాకండి అబ్బాయిగోరూ, కాస్త ఆ గుంజ పక్కకి కూకోండి. మీ గుడ్డల దగ్గర ఎండ్రిన్ కంపండి" అన్నాడు. చుట్టూ పచ్చితోళ్లు వేలాడుతున్న పాకలో, కంపు కొడుతున్నవాణ్ణి నేనన్నమాట. జరిగి కూర్చున్నాను.

ఎండ వాలేటప్పటికి ఇద్దరం సీటు తీసుకెళ్లి బిగించాం. పైలట్ కుట్ల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది నువ్వు కుట్టింది కాదు."

నాదేనంటే ఉద్యోగం. నోటిదాకా వచ్చింది కూడా. కానీ రెండడుగుల దూరంలో ఆ మనిషి నిలబడి ఉన్నాడు. రోజంతా నన్ను నేను చూసుకుని చాలినంత రోత పడ్డాను.

"కాదండీ. ఈయన."

పైలట్ ఆయన వైపు తిరిగాడు. "నువ్వొస్తావా పెద్దాయనా? నెల జీతం, భత్యం. ఊరూరా తిరగొచ్చు."

నా ప్రయాణం అంతటితో సరి అనుకున్నాను.

పెద్దాయన విమానాన్ని రెక్క నుంచి తోకదాకా చూశాడు. కింద కారుతున్న మందునీ, డ్రమ్ముల చుట్టూ మాడిన గడ్డినీ చూశాడు. "వొద్దండి. చచ్చిన గొడ్డు కంపు ఓర్చుకుంటాను గానీ ఇది నావల్ల కాదు" అని మురుగుకాలవ గట్టు దిగాడు. సీటు బిగించిన రెండు చేతులూ మోచేతులదాకా మట్టితో రుద్ది రుద్ది కడుక్కున్నాడు. వాసన చూసుకుని మళ్లీ కడుక్కున్నాడు. తర్వాత పల్లె వైపు నడిచాడు.

పైలట్ నన్ను ఎగాదిగా చూసి, వేరే దిక్కులేక లారీ వైపు గడ్డం ఎగరేశాడు. డ్రమ్ముల మధ్య ఒక మనిషికి చోటుంది. ఎక్కాను.