అమావాస్య మర్నాటి మేత

వాకాడు దగ్గర రొయ్యల షెడ్డులో తొమ్మిదేళ్లు తలలు తీసిన రోజారమణి కంప్యూటరు ప్రోగ్రాం రాస్తుందంటే ఊరు నవ్వక ఏం చేస్తుంది! ఆమె మాత్రం ఫోనులో పాఠాలు విని, రాసి, చెరిపి, చివరికి రొయ్యల గుంటలో వేళకు మేత చల్లే మిషనుకు బుర్ర తయారుచేసింది. ఇక షెడ్డుకు రానని చెప్పేసింది కూడా. అదీ ఆమె తెగువ! మిషను గట్టెక్కకపోతే మళ్లీ ఆ ఐసునీళ్లలో చేతులు పెట్టాల్సిందే.

ఒక్క పోలేరయ్య మాత్రం తన రొయ్యల గుంటలో పెట్టి చూడమన్నాడు.

అమావాస్యకు, పౌర్ణమికి రొయ్య పాత పెంకు విడుస్తుంది, మేత సరిగా ముట్టదు. అందుకని ఆమె ప్రోగ్రాంలో, ఏ తిథికి ఎంత మేతో చెప్పే ‘స్విచ్’ అనే చోట, తిథికొక కేసు చొప్పున రాసింది. కేసు పదిహేను పౌర్ణమి, కేసు ముప్ఫై అమావాస్య. ఆ రెండు రోజులూ సగం మేత. ఏ కేసూ తగలని రోజు డిఫాల్టు, అంటే నిండు మేత.

అమావాస్యనాడు మిషను చెప్పినట్టే విన్నది. మర్నాడు పోలేరయ్య, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే ట్రేను నీళ్లలోంచి పైకి లాగాడు. మేతంతా అలాగే నాని ఉంది.

"ఏమ్మే, నీళ్లు కుళ్లబెట్టి నా కొంప ముంచుతావా?" అని గయ్యిమన్నాడు.

"అమావాస్య నిన్నటితో అయిపోయింది గదా మామా!"

"రొయ్యలు క్యాలెండరు చూసుకుంటాయా? ముందురోజు మొదలుపెట్టి మర్నాటిదాకా విడస్తానే ఉంటాయి. నన్నొక మాట అడగొచ్చు గదా!"

రోజారమణికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. షెడ్డుకు వచ్చేది చచ్చిన రొయ్య. బతికున్న రొయ్య గుణం ఆమెకేం తెలుసు! పాడ్యమికి కేసు లేదు, మిషను డిఫాల్టుకు పోయి నిండుగా చల్లేసింది. పాపం, దాని తప్పేముంది?

కట్టమీదే కూర్చుని సరిచేసింది. పద్నాలుగు, పదిహేను, పదహారు, ఇరవైతొమ్మిది, ముప్ఫై, ఒకటి. ఆరు కేసులూ ఒకదాని కింద ఒకటి పేర్చి, అన్నిటికీ అడుగున ఒకే మాట రాసింది: సగం మేత. దాని కింద, ఇక్కడితో ఆగమని చెప్పే ‘బ్రేక్’ ఉందో లేదో మూడుసార్లు చూసుకుంది. అది లేకపోతే సగం చల్లాక కిందికి జారి నిండు మేత కూడా చల్లుతుంది మరి!

"పౌర్ణమిదాకా ఉంచు మామా. తప్పితే నేనే పీక్కోని పోతా."

పోలేరయ్య గొణిగాడు గాని కాదనలేదు.

ఆ పదిహేను రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు. పౌర్ణమి మర్నాడు ఆయన ట్రే లాగుతుంటే కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు మే. నాకినట్టు తినేసినాయి," అన్నాడు పోలేరయ్య. "ఇంక షెడ్డుకు పోబాక. నాకింకా మూడు గుంటలుండాయి. మిషను సంగతి నువ్వు చూసుకో, రొయ్య సంగతి నన్నడుగు."

రోజారమణి ఏడ్చేసింది. ఏడుస్తూనే, "అయితే చెప్పు మామా, వానపడిన రోజు ఎంత తింటుంది?" అని అడిగింది.