ప్రభుదాస్ రాసిన ఓదార్పు ఉత్తరం

మెట్టుగూడలో ప్రభుదాస్‌కు నోట్లో నాలుక లేని మనిషని పేరు. రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన రోజున కూడా, అంతమంది పొగిడాక లేచి "అందరికీ వందనాలు" అని కూర్చున్నాడు. అంతే ఉపన్యాసం. చావింటికి మాత్రం పిలవకపోయినా వెళ్తాడు, కుర్చీలు వేస్తాడు, నీళ్లందిస్తాడు. రెండు మాటలు మాట్లాడమంటే చెమటలు పడతాయి.

అలాంటివాడు కిందటేడు తోటి ఉద్యోగి జకర్యా చనిపోయినప్పుడు, ఆయన భార్య ప్రేమమణికి రెండు పేజీల ఉత్తరం రాశాడు. చదివినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. ఆమె దాన్ని బైబిల్లో దాచుకుని, మనసు బాగాలేనప్పుడల్లా చదువుకునేది. నిజానికి అది ఫోనులోని చాట్‌బాట్ రాసిస్తే ఈయన చేత్తో దించింది.

ఏడాది తిరిగింది. జ్ఞాపకార్థ కూడికకు వారం ముందు ప్రేమమణి ఆయన్ని ఇంటికి పిలిపించింది.

"అన్నా, ఆదివారం ఆ ఉత్తరం నువ్వే నిలబడి చదవాలె."

ప్రభుదాస్ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. నిజం చెప్తే ఏడాదిగా ఆమెను నిలబెట్టిన ఆసరా లాగేసినట్టే. చెప్పకపోతే జకర్యా ఫొటో ముందు అబద్ధం చదవాలి. పాపం, చివరికి తల వంచుకునే చెప్పాడు.

"చెల్లె, అవి నా మాటలు గావు. ఫోన్ల ఉన్న మిషన్ రాసిచ్చింది. నేను చూసి రాసిన."

ఆమె ఉత్తరం తీసి, మడత విప్పి, మళ్లీ మడిచింది.

"నా పక్కన కూసొని రాసినట్టే ఉండె. దానికెట్ల తెలిసింది?"

"ఏమో చెల్లె."

"ఇంతకు నువ్వేమడిగినవ్ దాన్ని?"

ఇక దాచేదేముంది? ఫోనులో ఏడాది వెనక్కి జరిపి జరిపి, ఆమె చేతికిచ్చాడు. ప్రేమమణి కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"మా జకర్యా పోయిండు. ముప్పై ఏండ్లు ఒక్క డబ్బాల అన్నం తిన్నం. ప్రేమమణి చెల్లె మొకం ఎట్ల చూడాలె? పార్శిల్ మీద పేర్లు రాసుడు తప్ప నాకేం రాయరాదు. నాకే ఇంత తక్లీఫ్ ఉంటే ఆమెకు ఎట్లుండాలె? జెర మంచిగ రాసియ్యి."

చదవడం అయిపోయినా ఆమె ఫోను తిరిగివ్వలేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమెను ఏడిపించానని ప్రభుదాస్ కుమిలిపోయాడు.

"తప్పయింది చెల్లె."

"ఆదివారం ఇది చదువు అన్నా."

"నాతోని గాదు. గొంతు రాదు."

"రాకుంటే ఆగు," అంది ప్రేమమణి. "నువ్వు చదివేదాంక మేం సుత ఆగుతం."